ఎడమ అంచుకి మారిన కుర్రాడు

పోయిన ఆదివారం పప్పులో తాలింపు వేస్తుంటే నా ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. తీసి చూస్తే, మా వాడి హైస్కూలు రోజుల్లో తల్లిదండ్రులం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు. పిల్లలు చదువులు ముగించి, ఉద్యోగాల్లో కుదురుకుని, కొందరు పిల్లల్ని కూడా కన్నారు గానీ ఆ గ్రూపుని మూసేయాలని ఎవరికీ తోచలేదు. మామూలుగా అందులో పండగ శుభాకాంక్షలు, గుమ్మం ముందు పెట్టిన పార్సిల్ ఎవరో ఎత్తుకుపోయారన్న ఫిర్యాదులు తప్ప ఏమీ ఉండవు. ఆ రోజు మాత్రం ఒక తండ్రి పనిగట్టుకుని ప్రశ్న వేశాడు. మన పిల్లల స్కూలు ఫుటీ మ్యాచుల్లో, టీవీలో కాదు, గీత పక్కన నిలబడి మీ కళ్ళతో చూసినవాళ్ళలో, బంతి పట్టుకుని అందరికంటే గొప్పగా పరిగెత్తిన పిల్లలెవరు? అరగంటలో జవాబులు కుప్పపడ్డాయి. నేనూ చెయ్యి తుడుచుకుని టైపు చెయ్యబోతుంటే మావారు నా భుజం మీదుగా తొంగిచూసి, "నువ్వు అందులో ఏం రాయకు," అన్నారు. "ఏం, నేను చూడలేదా మ్యాచులు?" అన్నాను. "చూశావు. నువ్వెలా చూశావో వాళ్ళకీ గుర్తుంటుంది. నువ్వు ఏ పేరు రాసినా, ఈవిడ ఎందుకు రాసిందా అనే ఆలోచిస్తారు," అని వెళ్ళి ఐప్యాడ్ పట్టుకుని కూర్చున్నారు. అందుకని అక్కడ రాయడం మానేసి ఇక్కడ రాస్తున్నాను.

నేను కంటి డాక్టర్ని. మాది కాకినాడ. మేం సిడ్నీలో ద పాండ్స్ అనే కొత్త పేటలో ఇల్లు కట్టుకునేనాటికి మా వీధి అవతల ఇంకా మట్టి దిబ్బలు, వైరు కంచెలు, కట్టబోయే ఇళ్ళ బొమ్మలున్న బోర్డులే ఉండేవి. మా వాడు క్రికెట్ ఆడతాడని మావారు వాడికి నడక రాకముందే బ్యాటు కొని అటక మీద దాచారు. వాడు ఏడో తరగతిలో ఒక సాయంత్రం మోచేతులు గీరుకుపోయి, పళ్ళ మధ్య గడ్డితో ఇంటికొచ్చి, ఫుటీ టీములో చేరానన్నాడు. మా సిడ్నీ పడమటి పేటల్లో ఫుటీ అంటే మన ఫుట్‌బాల్ కాదు, రగ్బీ. బంతి దోసకాయలా ఉంటుంది. దాన్ని చంకలో ఇరికించుకుని పరిగెత్తాలి. అవతలి జట్టువాళ్ళు మీదపడి పడగొడతారు. వాళ్ళని తప్పించుకుని చివరి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే పాయింట్లు. నాకు మొదట్లో అర్థమైంది ఇంతే. ఇప్పటికీ ఇంతకంటే పెద్దగా అర్థం కాలేదు. మైదానం కుడి అంచున ఒకడు, ఎడమ అంచున ఒకడు నిలబడతారు, వాళ్ళని వింగర్లంటారు. మధ్యలో తోపులాటంతా అయ్యాక బంతి వాళ్ళ చేతికొస్తుంది. ఇక వాళ్ళ పని పరుగే. నేను చెప్పబోయేదంతా ఆ రెండంచుల సంగతే కాబట్టి ఇంత వివరం.

శనివారం పొద్దున్నే మడత కుర్చీలూ ఫ్లాస్కులో టీ పట్టుకుని మన తెలుగువాళ్ళం కొందరం ఒక మూల చేరేవాళ్ళం. ఆట తెలియదు కాబట్టి అనుమానాలతో కాలక్షేపం చేసేవాళ్ళం. రిఫరీకి అవతలి స్కూలుతో ఏదో చుట్టరికం ఉందని ఒకరు, మనవాళ్ళకి కావాలనే బంతి అందించడం లేదని ఇంకొకరు. పల్లెల వైపు నుంచి వచ్చిన ఒక జట్టులో ఎర్రజుట్టు కుర్రాడు ఉండేవాడు. మోకాళ్ళు పక్కలకి విసురుతూ బాతులా పరిగెత్తేవాడు గానీ, పట్టుకోబోయిన ప్రతివాడి చేతికీ గాలే మిగిలేది. వాడికి నిండుగా మీసాలు. "వీడికి పదహారేళ్ళా? వీడికి పెళ్ళయ్యుంటుంది," అన్నారు మావారు. మ్యాచ్ అయ్యాక చూస్తే వాడు ఓడిపోయామని వాళ్ళమ్మ ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మావారు మడత కుర్చీ చంకలో పెట్టుకుని నాకంటే ముందే వెళ్ళి కారెక్కారు. ఇంకో ఏడాది అమ్మాయిల జట్టులో ఒక వియత్నాం పిల్ల, రెండు జడలు, పుల్లలాంటి కాళ్ళు. ఆ పిల్ల పరిగెడుతుంటే చప్పుడే ఉండేది కాదు. అవతలి కోచ్‌కి అనుమానమొచ్చి, బూట్ల కింద ఏదో పెట్టుకుందని విప్పించాడు. లోపల రెండు జతల మేజోళ్ళు బయటపడ్డాయి. బూట్లు వాళ్ళ అక్కవట, వదులుగా ఉన్నాయట. నేను చూసిన గొప్ప పరుగుల్లో ఆ ఇద్దరివీ ఉంటాయి. కానీ ఇద్దరి పరుగుల్నీ కలిపినా మూడోవాడి పరుగు ముందు నిలబడవు.

ఆ మూడోవాడు పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవుల కుర్రాడు, మా వాడి క్లాసే, మా వాడి ప్రాణ స్నేహితుడు. వాణ్ణి పెంచింది వాళ్ళ నానమ్మ. మా ఇంటికొస్తే పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వెయ్యమనేవాడు. ఆ వయసు పిల్లలు పరిగెడుతుంటే కష్టపడుతున్నారని తెలుస్తుంది. వీడు బంతి అందుకోగానే ఒక క్షణం నెమ్మదించేవాడు, ఎవరి కోసమో ఆగినట్టు. ఇక దొరికాడనుకుని ఎదుటివాడు కాలు ముందుకేసేవాడు. ఆ కాలు వెనక్కి తీసుకునేలోపు వీడు వాణ్ణి దాటిపోయేవాడు. గీత దగ్గర నిలబడితే వాడి అడుగులు చెవులకంటే ముందు మన అరికాళ్ళకి తెలిసేవి. అనుమానాలు మర్చిపోయి మా మూలలో అందరం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం. పెద్ద క్లబ్బువాళ్ళు వాణ్ణి తీసుకోవడానికి వస్తారని స్కూలంతా అనుకునేది. వాడిది కుడి అంచు. మా వాడిది ఎడమ అంచు. మా వాడు గొప్ప ఆటగాడేం కాదు, చేతికొచ్చిన బంతి జారవిడవడు, అంతే.

పదకొండో తరగతి సీజన్ మొదట్లో ఒక మ్యాచ్‌లో ఎవరి మోచెయ్యో తగిలి ఆ కుర్రాడి ఎడమ కన్ను వాచిపోయింది. కొన్ని రోజులు వంకాయరంగులో ఉండి తగ్గిపోయింది. మళ్ళీ ఆడాడు, గెలిపించాడు. తర్వాత సీజన్ సగంలో ఉండగా, ఏ కారణమూ లేకుండా వాణ్ణి ఎడమ అంచుకి మార్చారు. అంటే మా వాణ్ణి తీసి బెంచి మీద కూర్చోబెట్టారు. "చూశావా," అన్నారు మావారు. "కుడివైపు అంత బాగా ఆడేవాణ్ణి ఇటెందుకు తెచ్చారు? మనవాడి కోసం తెచ్చారు. మనవాణ్ణి తీసెయ్యడానికి." మా మూలలో మిగతావాళ్ళదీ అదే మాట. కోచ్ స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. ఆయన మీద ఒక్కొక్కరూ ఒక్కో కథ అల్లారు. మా వాణ్ణి అడిగితే భుజాలెగరేసి, "వాడే అడిగాడు మమ్. ఇట్స్ ఫైన్," అన్నాడు. వాడే అడిగాడా? బాగా అలవాటైన చోటు వదిలేసి, స్నేహితుడి చోటు కావాలని ఎందుకడుగుతాడు? ఇంట్లో నా చేత్తో వడ్డించించుకుని తిన్న పిల్లాడు నా కొడుకు చోటు లాక్కున్నాడా అని నాకు గుచ్చుకుంది. అప్పట్నుంచి ఆటని వదిలేసి వాణ్ణే చూడటం మొదలుపెట్టాను.

ఒక శనివారం హాఫ్ టైంలో పిల్లలకి నారింజ ముక్కలు ఇచ్చే వంతు నాదయింది. ఇక్కడ అదొక ఆచారం, ఎవరో ఒక తల్లి కాయలు కోసి పళ్ళెంలో పట్టుకెళ్తుంది. నేను వాడికి ఎడమ పక్కన నిలబడి పళ్ళెం నడుం ఎత్తులో చాపాను. వాడు నిలబడ్డాడు, ముందుకి చూస్తూ. పక్కవాడు ముక్క తీసుకున్నాడు, వెనకవాడు చెయ్యి చాపి తీసుకున్నాడు, వీడు కదల్లేదు. నా మీద కోపమేమో, నాకు వాడి మీద ఉన్నట్టే, అనుకున్నాను. చుట్టూ తిరిగి కుడివైపు వచ్చేసరికి, "ఓ, థాంక్స్ ఆంటీ," అని మూడు ముక్కలు తీసుకుని నవ్వాడు. ఆ నవ్వులో ఏ కపటమూ లేదు. పళ్ళెం పట్టుకుని వెనక్కి వస్తుంటే నా నడక నెమ్మదించింది. ఆట రెండో సగంలో ఈసారి తల్లిలా కాదు, డాక్టర్లా చూశాను. ఎడమనుంచి పిలిస్తే వాడు కళ్ళు తిప్పడం లేదు, తల మొత్తం తిప్పుతున్నాడు. ఎడమ అంచున ఆడేవాడికి ఎడమవైపున గీత తప్ప ఎవరూ ఉండరు. వచ్చేవాళ్ళంతా కుడినుంచే వస్తారు. ఎడమ కంటికి పక్క చూపు పోయినవాడు ఆడగలిగే చోటు మైదానం మొత్తంలో అదొక్కటే.

ఆ రాత్రి నుంచి నిద్రపట్టలేదు. దెబ్బ తగిలినప్పుడు ఒక్కోసారి కంటి లోపలి పొర అంచున చిన్న చిరుగు పడుతుంది. నొప్పి ఉండదు. నెలల తరబడి ఆ పొర, గోడకి అంటించిన కాగితంలా నెమ్మదిగా ఊడుతుంది. పక్క చూపు ముందు పోతుంది. నడిమి చూపు బాగానే ఉంటుంది కాబట్టి గోడమీద అక్షరాలు చదవమంటే కింది వరస దాకా చదివేస్తారు. ఇంకో గట్టి దెబ్బ తగిలితే నడిమి చూపూ పోవచ్చు. స్కూలుకెళ్ళి కోచ్‌తో చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. "దెబ్బ తగిలినప్పుడే డాక్టరు చూసి చార్టు చదివించారు. బాగానే చదివాడు. నేనూ ఇప్పుడు అడుగుతాను," అన్నాడు. నేను లేస్తుంటే గొంతు తగ్గించి, "తప్పుగా అనుకోకండి. మీ అబ్బాయి మళ్ళీ ఆడాలని మీకు ఉండటం సహజం," అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మావారు ఐప్యాడ్ పక్కన పెట్టి, "నువ్వు చెప్పేది కరెక్టే అయ్యుండొచ్చు. కానీ వినేవాళ్ళకి జెలసీలాగే ఉంటుంది. క్లబ్బువాళ్ళు వచ్చే వారంలోనే ఎందుకు చెప్పావంటారు," అన్నారు. అప్పటిదాకా కోచ్‌ని అనుమానించిన మనిషి, ఇప్పుడు లోకమంతా నన్ను అనుమానిస్తుందని భయపడుతున్నారు. ఒక క్షణం ఆయన కూడా నా మొహంలోకి పరీక్షగా చూశారని నాకనిపించింది.

ఆ శుక్రవారం సాయంత్రం మా వాణ్ణి ప్రాక్టీసు నుంచి తీసుకొస్తూ కారులో విషయం తెచ్చాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "మమ్, ప్లీజ్. నువ్వేం చెప్పినా నా కోసమే అనుకుంటారు," అన్నాడు. వాడు ఇంగ్లీషు వదిలి తెలుగులో మాట్లాడాడంటే విషయం పెద్దదని అర్థం. నేను కారు పక్కకి ఆపాను. "వాడికి కనబడటం లేదని నీకు తెలుసా?" అన్నాను. ఇండికేటర్ టిక్కుటిక్కుమంటూ ఉంది. చివరికి, "క్లాసుకి వెళ్ళేప్పుడు నన్ను లెఫ్ట్‌లో నడవమంటాడు. జనాన్ని గుద్దుకోకుండా. క్లబ్ సెలెక్షన్ అయ్యాక చూపించుకుంటానన్నాడు. నేను ప్రామిస్ చేశాను మమ్," అన్నాడు. అప్పుడు గానీ నాకు తెలియలేదు, మా వాడి చోటు ఎవరూ లాక్కోలేదని. అడిగితే వాడే లేచి ఇచ్చాడు.

మర్నాడు మ్యాచ్‌కి క్లబ్బు మనుషులిద్దరు నల్లకళ్ళజోళ్ళతో వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. నేను తిన్నగా ఆ కుర్రాడి నానమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పెద్ద గొడుగు కింద, టోంగావాళ్ళ పద్ధతిలో నడుముకి అల్లిన చాప కట్టుకుని, చప్పట్లు కొట్టకుండా ఆట చూసే మనిషి. నేను చెప్పిందంతా విని, "నీ కొడుకు కూడా ఈ టీములోనేగా?" అంది. అవునన్నాను. "వాడిప్పుడు ఎక్కడ?" బెంచి మీద ఉన్నాడన్నాను. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నేనింకేం వాదించలేదు. "నన్ను నమ్మొద్దు. మీరే చూడండి. వాడి కుడి కన్ను మీ చేత్తో మూసి, మీ మొహం వైపే చూడమనండి. ఇంకో చేత్తో వాడికి ఎడమ పక్కగా, నడుం దగ్గర వేళ్ళు చూపించి ఎన్నో అడగండి," అన్నాను. ఆవిడ మళ్ళీ ఆట వైపు తిరిగింది. గొడుగు కదల్లేదు.

హాఫ్ టైం విజిల్ పడగానే ఆవిడ గొడుగు మడిచి కుర్చీకి ఆనించి, గీత దాటి మైదానంలోకి నడిచింది. అలా ఎవరూ వెళ్ళరు. రిఫరీ ఏదో అనబోయి ఊరుకున్నాడు. పిల్లలు పక్కకి జరిగారు. ఆవిడ మనవడి ఎదురుగా నిలబడి వాడి కుడి కన్ను అరచేత్తో మూసింది. "నానా, ఇక్కడొద్దు," అన్నాడు వాడు, ఆవిణ్ణి పిలిచే పేరుతో. ఆవిడ ఎడమ పక్కకి చెయ్యి చాపి, "ఎన్ని వేళ్ళు?" అంది. కోచ్ చూస్తున్నాడు, క్లబ్బు మనుషులు చూస్తున్నారు, మేమంతా చూస్తున్నాం. వాడు, "రెండు," అన్నాడు. ఆవిడ పిడికిలి మూసి ఉంది. ఒక్క వేలు కూడా చూపించలేదు. ఆవిడ మెల్లగా ఆ పిడికిలిని తన గుండెకి ఆనించుకుని, రెండో చేత్తో మనవడి మణికట్టు పట్టుకుని గీత బయటికి నడిపించుకొచ్చింది. వాడు వెళ్తూ వెళ్తూ తల పూర్తిగా తిప్పి, బెంచి మీదున్న మా వాడి వైపు చూశాడు. "యూ టోల్డ్," అన్నాడు, అరవకుండా, మామూలు గొంతుతో.

ఆసుపత్రికి నేనే ఫోను చేశాను. నాకు తెలిసిన సర్జన్ మర్నాడే ఆపరేషన్ చేశాడు. చదువుకునే చూపు నిలిచింది. పక్క చూపు పూర్తిగా తిరిగి రాలేదు. ఇక ఎవరినీ గుద్దుకునే ఆటలు ఆడకూడదన్నారు. ఆ శనివారం మ్యాచ్ రెండో సగంలో ఎడమ అంచున మా వాణ్ణి దింపారు. వాడి చేతికి బంతి వచ్చింది, ముందు ఎవరూ లేరు, పరిగెత్తి గీత దాటి నేలకి ఆనించాడు. ఆ సీజన్‌లో వాడు సాధించింది అదొక్కటే. జట్టులో ఒక్కడూ వచ్చి వీపు తట్టలేదు. నా వెనక నిలబడ్డ ఒకావిడ, నాకు వినబడాలనే, "కన్ను సంగతేమో గానీ, వాళ్ళబ్బాయికి చోటు దొరికింది," అంది. రెండు వారాల తర్వాత మా వాడు ఫుటీ మానేశాడు. బూట్లు గరాజ్‌లో పడేసి, ఎవరేమడిగినా చదువుకోవాలన్నాడు. ఆ స్నేహితుడు మా ఇంటికి రావడం మానేశాడు. నేను డాక్టరుగా చేసింది సరైన పనే. దానికి ఇంట్లో ఎవరూ సంతోషించలేదు.

ఈ చలికాలం మొదట్లో స్కోఫీల్డ్స్‌లో మా క్లినిక్‌కి ఒక పొడుగాటి మనిషి ఆరేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. స్కూల్లో బోర్డు కనబడటం లేదంటోందని తీసుకొచ్చాడు. కాసేపు పోల్చుకోలేకపోయాను. నేను తనకి కుడివైపు ఉండేలా నిలబడటానికి నా కుర్చీ చుట్టూ తిరిగి రావడం చూసి గుర్తుపట్టాను. నానమ్మ పోయి నాలుగేళ్ళయిందట. స్కూళ్ళకెళ్ళి పిల్లలకి పరుగు నేర్పుతాడట. మా వాడూ తనూ మళ్ళీ మాట్లాడుకుంటున్నామని, మెల్‌బోర్న్ వెళ్ళినప్పుడల్లా వెర్రిబీలో మా వాడింట్లోనే దిగుతున్నానని చెప్పాడు. ఇవేవీ మా వాడు నాకు చెప్పలేదు. నేను వాళ్ళ సంగతి మళ్ళీ ఎక్కడ కెలుకుతానోనని కాబోలు. పాప కళ్ళు పరీక్షించి, మామూలు దూరపు చూపే, అద్దాలు చాలని చెప్పాను. రెండు కళ్ళలోనూ లోపలి పొర కూడా చూడమన్నాడు. చూసి, బాగుందన్నాను. ఇంకోసారి చూడమన్నాడు. చూశాను.

పాప బయటికెళ్ళి ఫ్రేములు ఎంచుకుంటుంటే వాడు తలుపు దగ్గర ఆగాడు. "ఆంటీ, ఆ రోజు నానమ్మ మైదానంలోకి ఎందుకొచ్చిందో తెలుసా? నా కన్ను చూడటానికి కాదు. మీరు అబద్ధం చెబుతున్నారని అందరి ముందూ తేల్చడానికి. పిడికిలి మూసి చూపిస్తే నేను ఏమీ లేవంటాననుకుంది. తను పోయేదాకా ఈ మాట చెప్పి నవ్వేది," అన్నాడు. నేనూ నవ్వాను. వాడు మాత్రం నవ్వు ఆపి, తల పూర్తిగా నా వైపు తిప్పి అడిగాడు. "ఒక్క మాట. ఆ రోజుల్లో మీవాడు బెంచి మీద కూర్చోకుండా ఉంటే, మీరు నన్ను అంతగా చూసేవారా?" గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని ఉంది, అంతే. నేను బల్లమీది టార్చి తీసి సొరుగులో పెట్టాను, మళ్ళీ తీశాను. "తెలీదు నాన్నా," అన్నాను. ఆ మాట నోటికి తెలుగులోనే వచ్చింది. అర్థమైందో లేదో, వాడు తలూపి కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఈ ప్రశ్న అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే, నేను డాక్టర్ని, కనబడింది కాబట్టి చూశానని తడుముకోకుండా చెప్పేదాన్ని. ఇన్నేళ్ళు గడిచాక ఆ జవాబు అంత తొందరగా రావడం లేదు.